రెండో రిమోట్

తెరమీద అంబదాస్ ఆడిస్తున్న ఫైటర్ మళ్లీ కింద పడ్డాడు.

చిన్నప్పుడు మెట్‌పల్లి వీడియోగేమ్ దుకాణంలో ఈ ఫైటింగ్ ఆటలో అతడిని ఓడించినవాళ్లు లేరు. అదే ఆట ఇప్పుడు చేతిలో పట్టే చిన్న డబ్బాలో దొరికితే మురిసిపోయి కొన్నాడు. దానికి తగిలించే రెండో రిమోట్ భార్య తిరుమలకిచ్చి, "ఓడిపోతే ఏడ్వద్దు మల్ల" అన్నాడు.

ఆమె ఎన్నడూ ఇలాంటిది ముట్టలేదు. అయినా అతను గుద్దినా, తన్నినా, ఆమె ఫైటర్ ముందే చేతులు అడ్డం పెట్టేవాడు. తర్వాత మెల్లగా ఒక దెబ్బ వేసేవాడు.

"నేనెప్పుడు కొడ్తనో నీకెట్ల ఎరికైతుందే?"

"గా బొమ్మలు నాకేం సమజైతయి?" గెలుస్తున్న సంబురంలో తిరుమల పకపకా నవ్వింది. "నేను నీ మొఖం చూస్తున్న. కొట్టే ముందు నీ దవడ బిగుస్తది. పెండ్లయినకాంచి చూస్తలేనా?"

అంబదాస్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. సిగ్గుతో పళ్లు బిగపట్టాడు, దవడ బిగుసుకుంది.

తిరుమల నవ్వు ఆగిపోయింది. రిమోట్‌తో సహా రెండు చేతులూ మొఖానికి అడ్డం పెట్టుకుంది.