పక్క వీధికి జరిపిన ఆరు పేర్లు

"మూర్తి గారిని తీసేశారటే," అంది సాయిశ్రీ, వచ్చి తన కుర్చీలో కూర్చుంటూ.

తబస్సుం చేతిలో మౌస్ ఆగిపోయింది. ఒళ్లంతా హాయిగా అనిపించింది. నిఖా రోజున కూడా ఇంత హాయి లేదేమో అనుకుని, తనలో తనే నవ్వుకుంది.

అది 2004. పటమటలో ఒక మేడ మీది ఆ చిన్న ఆఫీసులో కంప్యూటర్ మీద మ్యాపులు తయారుచేస్తారు. వీధుల గీతల మీద పేర్లు ఎక్కించడం, ఒకదాని మీద ఒకటి పడకుండా సర్దడం తబస్సుం పని. ప్రింటు తీశాక ఆ పేర్లు చూసి, తప్పుంటే ఎర్ర పెన్నుతో చుట్టడం, లేకపోతే సంతకం పెట్టడం సాంబమూర్తి పని. మంగళగిరిలో ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మ్యాన్ ఆయన. కంప్యూటర్‌కి మాత్రం ఆమడ దూరంలో నిలబడేవాడు.

ఆయన మీద ఆమె కసికి మూడు నెలలు. ఆమె పెళ్లికీ మూడు నెలలే.

పెళ్లైన పదో రోజున అరకు వెళ్లాలని అష్ఫాక్ రెండు టిక్కెట్లు తీశాడు. పక్కపక్క సీట్లే. ఆమె వాటిని హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, గంటకోసారి తీసి నంబర్లు చూసుకుని మురిసిపోయేది.

సరిగ్గా రెండు రోజుల ముందు, ఆమె చేసిన షీటు నలభై మూడు ఎర్ర చుట్లతో వెనక్కి వచ్చింది.

మేనేజర్ దుర్గాశంకర్ దాన్ని ఆమె ముందు పరిచి, ఇవన్నీ సరిచేసేదాకా సెలవు మాట ఎత్తొద్దన్నాడు.

అష్ఫాక్ ఏమీ అనలేదు. స్టేషన్‌కి వెళ్లి టిక్కెట్లు క్యాన్సిల్ చేయించుకొచ్చాడు. అతను ఏమీ అనకపోవడమే ఆమెను మండించింది.

తర్వాతి వారం సాంబమూర్తి ఆమె టేబుల్ దగ్గర ఆగాడు.

"ఊరు వెళ్లలేకపోయావా అమ్మా?"

"మీ దయవల్ల ఇక్కడే ఉన్నానండి."

ఆయన తల వంచుకుని తన టేబుల్‌కి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి ఆమె కాచుకుని కూర్చుంది. రెండు నెలలకు మంగళగిరి షీటు వచ్చింది.

సొంత ఊరు కదా, ఆయన దాని మీద వారం రోజులు కూర్చున్నాడు. చివరికి మొహం వెలిగిపోతుండగా సంతకం పెట్టాడు. సంతకం పడ్డాక, మ్యాపు చేయించుకునేవాళ్లకి ఫైలు పంపించాల్సింది తబస్సుం.

అందరూ వెళ్లాక ఆమె నేతగాళ్ల వీధుల దగ్గరకి పోయింది. ఆరు పేర్లు ఒక్కొక్కటే పట్టుకుని పక్క వీధికి లాగింది. ఆరు నిమిషాలు కూడా పట్టలేదు. ఫైలు పంపించేసి, దారిలో బందరు లడ్డూలు కొనుక్కెళ్లి అష్ఫాక్‌కి తినిపించింది. ఎందుకని అడిగితే ఊరికేనంది.

మ్యాపు చేయించుకున్నవాళ్లు మంగళగిరి వెళ్లి, పేరు చూసి వీధిలోకి దిగితే అది వేరే వీధి. ఒకటి కాదు, ఆరు.

దుర్గాశంకర్ ఆయన్ని అందరి ముందూ నిలబెట్టాడు. సొంత ఊళ్లో వీధులే తెలియకపోతే ఇక్కడెందుకని అడిగాడు. ఆయన ఆ మ్యాపు మీద ఆరు వీధుల్నీ వేలితో తడిమాడు.

"సంతకం నాదేనండి. సరిగ్గా చూసుకోలేదు."

ఎర్ర పెన్ను మనిషి నోట ఆ మాట వినడం లడ్డూ కంటే తీపిగా ఉంది ఆమెకి. తన కళ్ల మీద తనకే నమ్మకం పోయింది ముసలాయనకి అనుకుంది.

అది మొన్నటి మాట. ఈ రోజు, శనివారం, సాయిశ్రీ ఈ కబురు తెచ్చింది.

మధ్యాహ్నానికి రెండో కబురూ వచ్చింది. ఇకమీదట ప్రింట్లు తబస్సుం చూడాలట. ఆయన టేబుల్ ఆమెదేనట. వెంటనే అష్ఫాక్‌కి ఫోన్ చేసింది. అతను పొంగిపోయి, రేపు ఆదివారం ఎక్కడికెళ్లాలో ఆలోచించి సాయంత్రం చెబుతానన్నాడు.

ఆమె కూనిరాగం తీస్తూ ఆయన సొరుగు ఖాళీ చేయడం మొదలుపెట్టింది.

పైనే ఒక అర్జీ ఉంది. గుండ్రటి చేతిరాత. ఆ షీటు వెనక్కి వచ్చిన మర్నాటి తారీఖు.

'తబస్సుం గారికి కొత్తగా పెళ్లైంది. దయచేసి సెలవు ఆపవద్దు. ఆ నలభై మూడు పేర్లూ నేనే సరిచేస్తాను. సాయిశ్రీ గారి దగ్గర కంప్యూటర్ నేర్చుకుంటున్నాను.'

కింద దుర్గాశంకర్ రాసిన ఒకే ఒక్క మాట: 'కుదరదు.'

"నువ్వు నేర్పావా?" అని సాయిశ్రీని అడిగింది.

"అవునే. నీకు చెప్పొద్దన్నారు. సెలవు రాలేదుగా, చెప్పి బాధపెట్టడం ఎందుకన్నారు. ఇప్పుడు నాకంటే బాగా వచ్చు ఆయనకి."

పోనీలే, ఆ ఆరు పేర్ల సంగతి ఆయనకి తెలియదుగా, అని తబస్సుం తనకి తను చెప్పుకుంది.

అర్జీ కింద నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది. కంప్యూటర్ ప్రింటు. ఏ పేరు ఎవరు, ఎప్పుడు మార్చారో మిషను తనంతట తాను రాసుకునే జాబితా. దాన్ని తీసి చూసినవాళ్లు ఆఫీసులో ఇంతవరకూ లేరు.

మంగళగిరి వీధులు ఆరూ వరసగా ఉన్నాయి. ప్రతి దాని పక్కనా తబస్సుం అనే ఉంది. సాయంత్రం ఆరూ నలభై ప్రాంతం. ప్రింటు తీసిన తారీఖు, మ్యాపు తప్పని ఫిర్యాదు వచ్చిన రోజుది, అంటే ఆయన్ని అందరి ముందూ నిలబెట్టడానికి ముందు రోజుది.

ఫోన్ మోగింది. పడవెక్కి భవానీ ద్వీపం వెళ్దామా అని అష్ఫాక్ ఉత్సాహంగా అడుగుతున్నాడు.

"వద్దండీ," అంది ఆమె. "రేపు పొద్దున్నే దుర్గాశంకర్ సార్ ఇంటికెళ్లి ఒక కాగితం ఇచ్చేసి, నా ఉద్యోగం పోయినా సరే, అట్నుంచి మంగళగిరి వెళ్దాం. నేను చేసిన తప్పుకి రుజువు చేతిలో ఉంచుకుని కూడా, తప్పు తనదేనని వెళ్లిపోయిన మనిషి ఉన్నారక్కడ."