దక్షిణ ధ్రువం సంబంధం

పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు ఈ రోజుల్లో గోత్రం తర్వాత అడిగేది ధ్రువమే. మండపేటలో సగం ఇళ్లలో ఎవరో ఒకరు, ఉపగ్రహాలు పంపే ఫొటోల్లో ధ్రువాల మీది వెండి మబ్బుల్ని గుర్తుపడుతూ బతుకుతున్నారు. బాగా ఎత్తున తేలే ఆ మబ్బులు ఏ ధ్రువంలోనైనా అక్కడి ఎండాకాలంలోనే కనిపిస్తాయి.

"మా వసుధది దక్షిణమండి," అన్నాడు పెళ్లికూతురి తండ్రి.

పెళ్లికొడుకు తల్లి కొరకబోయిన పూతరేకును పళ్లెంలో పెట్టేసింది.

"అయ్యో, మావాడిది ఉత్తరమండీ! పిల్లకి ఖాళీ దొరికితే వాడికి పని, వాడికి దొరికితే పిల్లకి పని. ఇంక కాపురం ఎప్పుడు చేస్తారండి? అమ్మాయిని ఉత్తరానికి మార్పించెయ్యండి."

వసుధ చప్పున తలెత్తింది. ఆ దక్షిణపు ఆకాశం ఆమెకు సొంత వీధికంటే బాగా తెలుసు.

ఇద్దరినీ మాట్లాడుకోమని డాబా మీదికి పంపారు.

"మారతారా?" అడిగాడు పెళ్లికొడుకు నిఖిలేష్.

"మారనండి. సంబంధం పోతే పోనివ్వండి."

"హమ్మయ్య!" అన్నాడతను. "మా అమ్మా నాన్నా ఇద్దరూ ఉత్తరమే. మబ్బుల సీజన్లో మా ఇంట్లో పొయ్యి వెలగదు. సీజన్ అయ్యాక ఇద్దరూ వంటింట్లో చేరి ఒకే గరిటె కోసం కొట్టుకుంటారు. మీరు మాత్రం మారకండి. మీ సీజన్లో వంట నాది."

వసుధ పకపకా నవ్వింది.

"ఒసేయ్, తడిసిపోతున్నారు, దిగండి!" కింద నుంచి వసుధ తల్లి కేకేసింది.

వాన ఎప్పుడు మొదలైందో ఆ మబ్బుల ఉద్యోగులు ఇద్దరూ చూడనే లేదు.