చివరి పేజీ నచ్చింది

"ఈ కార్డు నువ్వే రాశావు" అన్నాడు మొజుమే.

సమావేశం గదిలో బల్ల అవతల నిలబడ్డ హినాత్సు ముఖం పాలిపోయింది. ఆమె తెమారి కంపెనీలో చేరి నాలుగేళ్లు. మొజుమే అక్కడ ముప్పయ్యేళ్లుగా టీవీకి తగిలించి ఆడే ఆటలు తయారుచేస్తున్నాడు. ఆ ఆటల్ని ఇక ఫోన్లలోకి కూడా తేవాలన్నది హినాత్సు ప్రతిపాదన. ఆ ప్రతిపాదన కాగితం మీద, సంతకానికి బదులుగా, ఆరుగురి ముద్రలు పడ్డాయి. ఏడోది మొజుమేది. అది పడకపోతే ఆ ప్రతిపాదన చెత్తబుట్టకే.

ఆట కొన్నవాళ్లు అభిప్రాయం రాసి పంపడానికి ప్రతి పెట్టెలోనూ ఒక కార్డు పెడతారు. హినాత్సు ఆధారంగా చూపించింది అలాంటి కార్డునే. మొజుమే దాన్ని వేళ్ల కొసలతో ఎత్తి, రాగం తీస్తూ చదివాడు.

"'మీ యంత్రాన్ని రెండు చేతులతో పట్టుకోవడం నాకిప్పుడు కుదరడం లేదు. ఒక్క వేలితో ఆడేలా ఫోనులో పెడితే ఆడుకుంటాను. ఈసారి అన్నిటికన్నా నచ్చింది ఆటతో పాటు ఇచ్చే పుస్తకం చివరి పేజీ. ఫోనులో పెట్టినా ఆ పేజీ తీసెయ్యకండి.' విన్నారా? చివరి పేజీలో ఉండేవి ఆట తయారుచేసిన మన పేర్లు! అవి చదివి మురిసిపోయేదెవరమ్మా?"

అందరూ నవ్వారు. అధ్యక్షుడు ఓమియా కూడా నవ్వాడు. ఆ నవ్వుతో మొజుమేకి ఊపొచ్చింది.

"ఆడలేని మనిషి ఆట ఎందుకు కొంటుంది? పైగా ఈ అక్షరాలు చూడండి, కొంకర్లు పోతున్నాయి. సొంత రాత దొరికిపోకూడదని ఎడమచేత్తో రాస్తే ఇలాగే ఉంటుంది."

"నేను రాయలేదండీ. వినియోగదారుల విభాగం వాళ్లిచ్చారు."

"పేరేది మరి?"

"పేరున్న ముక్క కత్తిరించేగా మనకిస్తారు."

"అది నీకు బాగా కలిసొచ్చింది. ఫోనులో పెడితే ఊరంతా ఆడేస్తుందట! మా అక్కనే తీసుకోండి. నిషిజిన్‌లో పొద్దస్తమానం మగ్గం ముందే కూర్చుంటుంది. మీ తమ్ముడేం చేస్తాడని అడిగితే టీవీలు బాగుచేస్తాడని చెబుతుంది. అలాంటివాళ్ల కోసమా మనం పనిచేసేది?"

ఈసారి నవ్వులు ఇంకా పెద్దగా వినిపించాయి. సాయంత్రంలోగా తప్పు ఒప్పుకుంటూ కాగితం రాసివ్వాలని, లేకపోతే ఆమె జట్టులో నలుగురూ గోదాముకి మారతారని మొజుమే తేల్చి చెప్పాడు.

అయిదింటికి కాగితం అతని బల్ల మీదికి వచ్చింది. 'కార్డు నేనే రాశాను. నా జట్టువాళ్లకు ఏమీ తెలియదు. క్షమించండి.' కింద హినాత్సు ఎర్రముద్ర ఉంది. మొజుమే దాన్ని పట్టుకుని ఉత్సాహంగా కింది అంతస్తుకి దిగాడు. అభిప్రాయాల కార్డులు చూసే ఇనోకుమా అక్కడ కత్తెర పట్టుకుని కూర్చుని ఉంది.

"దొంగ ఒప్పుకుంది. చూడండి."

ఇనోకుమా కళ్లజోడు సవరించుకుని చదివింది. "ఈ పిల్ల అబద్ధం రాసిందండీ. ఆ కార్డు తపాలాలో వచ్చింది. పేరు కత్తిరించింది నేనే."

"అంటే?"

"మీ మొదటి ఆట నుంచి ఆవిడ ప్రతిదానికీ రాస్తుంది. ఎంత చక్కటి రాతనుకున్నారు! రెండేళ్లుగానే ఇలా అయిపోయింది. నచ్చింది ఏమిటన్న గడిలో మాత్రం ఎప్పుడూ చివరి పేజీయే."

మొజుమే చెవులు వేడెక్కాయి. "పేరు చెప్పండి. వెళ్లి కాళ్లు పట్టుకుంటాను."

"చెప్పకూడదని నియమం పెట్టింది మీరేగా" అందామె, తల ఎత్తకుండానే.

పైకి పరుగెత్తాడు. హినాత్సు కుర్చీ ఖాళీ. బల్ల మీద సామాను కూడా లేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. తన కూతురి వయసున్న పిల్ల చేత, నలుగురిని కాపాడుకోవడానికి, చెయ్యని తప్పు ఒప్పించాడు. సిగ్గుతో అద్దాల తలుపులో తన ముఖం తనే చూసుకోలేకపోయాడు.

ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. కాళ్లు వాటంతట అవే నిషిజిన్ దారి పట్టాయి. అమ్మానాన్నలు పోయాక మగ్గం నేసి అతన్ని చదివించింది అక్కే. బస్సులో పావుగంట దూరం. అయినా ఆ గడప తొక్కి రెండేళ్లు దాటింది. ఫోను చేసినప్పుడల్లా "నాకేం, బాగానే ఉన్నాను, నువ్వు పని చూసుకో" అనేది. అతనికి కావలసిందీ ఆ మాటే.

"నువ్వా తమ్ముడూ! ఏమైనా తిన్నావా?" అంది అక్క, తలుపు తీస్తూనే.

ముందుగదిలో మగ్గం మీద దుప్పటి కప్పి ఉంది. ఇవాళ సెలవేమో అనుకున్నాడు. చాప మీద కూలబడి జరిగిందంతా చెప్పేశాడు. అక్క మీద వేసిన ఛలోక్తి మాత్రం మింగేశాడు.

"ఆ కార్డు చదివినప్పుడు అందరూ నవ్వారా?"

"నవ్వారక్కా. నేనే నవ్వించాను. పాపం, ఎవరో పెద్దావిడ. ఇన్నేళ్లూ మనసుపెట్టి రాస్తే, దొంగ రాత అన్నాను."

అక్క టీ కూజా దగ్గరికి లాక్కుంది. "ఆవిడేం అనుకోదులే. రేపు పొద్దున్నే ఆ పిల్ల ఇంటికి వెళ్లు. తల వంచి అడుగు. ఆ ఫోను ఆటల కాగితం మీద నీ ముద్ర కూడా వెయ్యి."

"వేస్తాను. కానీ ఆవిడేం అనుకోదని నీకేం తెలుసు?"

"మాటల్లో పడితే టీ చల్లారిపోతుంది. కప్పు ఇలా జరుపు."

అతను కప్పు జరిపాడు.

కుడిచెయ్యి ఒళ్లో అలాగే పడి ఉండగా, అక్క ఎడమచేత్తో టీ పోసింది.