మామగారి చెప్పులు

కాన్పుల ఆసుపత్రి హాల్లోకి కోడలు మామగారి చెప్పులు వేసుకుని వచ్చింది.

ఆమె చెప్పులు ఆమె కాళ్ళకి పట్టడం మానేశాయి మరి. అత్తగారికి అదో గర్వం.

"మా ఇంటికొచ్చినప్పుడు ఉత్త చీపురుపుల్ల. ఇప్పుడు చూడండి, నా చేతి వంటకి ఎలా నిగనిగలాడుతోందో!" అని హాలంతా వినబడేలా చెప్పింది.

పక్క కుర్చీలోని కళ్ళజోడావిడ మాత్రం మెచ్చుకోలేదు. వంగి, కోడలి పాదం మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడింది. పడిన గుంట పడినట్టే ఉండిపోయింది.

"తలనొప్పిగా ఉందా తల్లీ?"

"పొద్దున్నుంచీ పగిలిపోతోందండీ."

"కళ్ళ ముందు చుక్కల్లాంటివేమైనా?"

"అవునండీ, మెరుస్తున్నాయి."

"మా వాణ్ణి కట్టుకున్నాక పట్టపగలే చుక్కలు కనబడక ఏం చేస్తాయి!" అంది అత్తగారు. హాలు గొల్లుమంది.

కళ్ళజోడావిడ నవ్వలేదు. "ఆ ఉంగరం ఒకసారి తియ్యి తల్లీ," అంది.

అత్తగారి నవ్వు టక్కున ఆగింది.

"ఉంగరం నీకెందుకమ్మా?"

"వస్తుందో రాదో చూద్దామని."

"వస్తే పట్టుకుపోదామనా?"

అప్పుడే అత్తగారి కంట మరొకటి పడింది. కళ్ళజోడావిడ వేలికి ఒక బంగారు ఉంగరం, మధ్యలో తెగి, దారంతో కట్టి ఉంది.

"అమ్మో! ఎవరి వేలి నుంచి కోసుకొచ్చిందో!"

కళ్ళజోడావిడ కోడలి చెయ్యి పట్టుకుని లేపి, తిన్నగా డాక్టరమ్మ గదివైపు లాక్కుపోయింది. మామగారి చెప్పొకటి దారిలోనే ఉండిపోయింది.

"వంతు! వంతు!" అంటూ హాలంతా లేచింది.

"ముందు ఈ పిల్ల బీపీ చూడండి! తర్వాత నన్ను తిట్టుకోండి, కొట్టుకోండి!" ఆవిడ గొంతుకి కిటికీ అద్దాలు అదిరాయి.

గయ్యాళి అని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. అత్తగారు వాచ్‌మన్‌ని పిలిచింది. అతను కళ్ళజోడావిడ రెక్క పట్టుకుని బయటికి నడిపించాడు.

గోల సద్దుమణుగుతుందని నర్సు కోడలి చేతికి బీపీ పట్టీ చుట్టింది. చూసింది. మళ్ళీ చూసింది. డాక్టరమ్మని కేకేసింది.

తర్వాత అంతా పరుగే.

ఆపరేషన్ గది ముందు అత్తగారు ఆ ఒంటి చెప్పు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కోడలు బతికితే చాలు, ఇక ఈ జన్మలో తన వంట గొప్పలు చెప్పుకోనని ఒట్టు పెట్టుకుంది.

డాక్టరమ్మ బయటికొచ్చింది.

"ఆడపిల్ల. మనిషి చిన్నదే, గొంతు మాత్రం పెద్దది. తల్లికీ గండం గడిచింది. అది ఒళ్ళు చేయడం కాదమ్మా, గర్భంతో వచ్చే బీపీ జబ్బు. ఇంకాస్త ఆగితే ఫిట్స్ వచ్చేవి. ఇద్దరూ దక్కేవారు కాదు."

వాపు చూసి బలుపనుకోవడమంటే ఏమిటో అత్తగారికి ఆ పూట తెలిసింది. చేతిలో చెప్పుతోనే గేటుదాకా పరిగెత్తింది.

"ఆ కళ్ళజోడావిడేదీ?"

"మీరు చెప్పారుగా, వీధి చివరిదాకా తరిమేశానమ్మా," అన్నాడు వాచ్‌మన్ గొప్పగా. అత్తగారి చేతిలో చెప్పు చూసి ఓ అడుగు వెనక్కి వేశాడు.

తిరిగొచ్చేసరికి నర్సు ఎదురొచ్చి, కోడలి ఉంగరం ఆవిడ అరచేతిలో పెట్టింది.

"వేలు వాచిపోయి రాలేదమ్మా. కోసి తియ్యాల్సొచ్చింది."

ఉంగరం మధ్యలో తెగి ఉంది. అత్తగారు దానివంక చాలాసేపు చూసింది.

"సిస్టర్, ఇలాంటిదే ఆవిడ వేలికి..."

"అది వాళ్ళమ్మాయిదమ్మా. ఇదే జబ్బుతో ఆ పిల్ల మాకు దక్కలేదు. అప్పట్నించీ ఆవిడ అప్పుడప్పుడూ వచ్చి ఇక్కడ కూర్చుంటుంది," అంది నర్సు. "ఆ రోజు గొడవ చెయ్యడం మర్యాద కాదని, వంతు వచ్చేదాకా తల్లీకూతుళ్ళిద్దరూ ఆ కుర్చీల్లోనే నోరు మెదపకుండా కూర్చున్నారు."