కిటికీ కింద పెద్దాయన

"అమ్మా, ఆయన మళ్ళీ వచ్చాడు."

కిటికీ దగ్గర నిలబడి పద్యం అప్పజెబుతున్న కూతురు మధ్యలో ఆపి అంది.

తల్లి తొంగిచూసింది. మేడ కింద, గోడకి ఆనుకుని అదే పెద్దాయన. ఇస్త్రీ చొక్కా, చేతికర్ర. తల పైకెత్తి వింటున్నాడు.

ఆవిడ గుండెల్లో రాయి పడింది.

ఆవిడ పిల్లలిద్దరికీ ఇంట్లోనే చదువు చెబుతోంది. అదీ పాతకాలపు పద్ధతిలో. ముందు నోటికి రావాలి, తర్వాత అర్థం, ఆ తర్వాత దాని మీద వాదన. ఒక్కో పాదం విడివిడిగా, మళ్ళీ మళ్ళీ, వీధిలోకి వినపడేలా చెప్పాలి.

ఇదేం సరదాకి మొదలుపెట్టింది కాదు. చిన్నవాడు చంటికి నత్తి. బడిలో వాడు నోరు తెరిస్తే క్లాసంతా నవ్వేది. చివరికి వాడు ఇంట్లో కూడా మాట్లాడ్డం మానేశాడు. అది చూడలేక ఆవిడ వాడినీ, తోడుగా అక్కనీ బడి మాన్పించింది. పద్యం పట్టుకున్నాక వాడి మాట కొంచెం కొంచెంగా తిరిగొస్తోంది.

"బడి మాన్పించి పిల్లల్ని చెడగొడుతున్నావు. చదువుల ఆఫీసులో చెబుతాను, వాళ్ళే వచ్చి లాక్కెళ్తారు," అని ఆడపడుచు అననే అంది. ఆ మాటన్న వారానికే ఈ పెద్దాయన కిటికీ కింద ప్రత్యక్షమయ్యాడు. ఇంకేముంది, ఆవిడకి అంతా అర్థమైపోయింది.

"ఆఫీసు మనిషే. మనల్ని కనిపెడుతున్నాడు."

"కా... కాదమ్మా. ఆయన కూడా మనతో చదువుతున్నాడు. పెదాలు చూడు," అన్నాడు చంటి.

"చదువుతాడు, చదువుతాడు. అన్నీ గుర్తుపెట్టుకుని పైవాళ్ళకి చేరవెయ్యొద్దూ మరి."

చేతిలో గరిటెతోనే ఆవిడ మెట్లు దిగింది.

"ఎవరండీ మీరు?"

ఆయన నవ్వబోయాడు. నవ్వు ఒక పక్కకే వచ్చింది. ఆవిడకది వెటకారంలా కనిపించింది.

"మిమ్మల్నే. ఎవరు పంపించారు?"

ఆయన పెదాలు కదిలాయి. మాట రాలేదు.

"నోరు విప్పితే ముత్యాలు రాలతాయా? ఇంత వయసొచ్చి, పసిపిల్లల ఉసురు పోసుకోవడానికి సిగ్గుగా లేదూ? ఇంకోసారి ఇక్కడ కనిపిస్తే మర్యాదగా ఉండదు."

ఆయన తల దించుకుని కర్ర ఊతంతో మెల్లగా వెళ్ళిపోయాడు.

ఆవిడ ఆ పూటే కిటికీ మూసింది. చదువు వెనక గదిలోకి మారింది. గొంతులు కూడా తగ్గాయి.

ఆయన మాత్రం మర్నాడూ వచ్చాడు. మూసిన కిటికీ కేసి చూస్తూ వీధికి అవతలే నిలబడ్డాడు. అలా కొన్నాళ్ళు వచ్చి, తర్వాత మానేశాడు.

పీడ విరగడైంది అనుకుంది ఆవిడ.

నెల తిరక్కుండా ఒకామె తలుపు తట్టింది. ఏడ్చి ఏడ్చి మొహం వాచి ఉంది.

"ఈ ఇంట్లో పిల్లలు పద్యాలు చదివేవారు కదండీ. ఇల్లు ఖాళీ చేశారేమో అనుకున్నాను."

"ఇక్కడే ఉన్నారు. మీరు?"

"మీ కిటికీ కింద నిలబడేవారే, ఆయన కూతుర్ని. నాన్నకి పక్షవాతంతో మాట పడిపోయింది. ఒక్కో మాటా నిదానంగా, మళ్ళీ మళ్ళీ వింటూ పలకమన్నారు డాక్టరు. నేను చెబితే చిన్నతనంగా ఉండేదో ఏమో, మొహం తిప్పుకునేవారు. అలాంటిది ఒకరోజు ఈ వీధిలోంచి ఇంటికొచ్చి, మీ పిల్లల పద్యంలో సగం పాదం పలికారండీ. మా ఇంట్లో ఆ రోజు ఎవరికీ ఆకలే తెలియలేదు, అంత సంతోషం."

ఆవిడ మూసిన కిటికీ కేసి చూసింది.

"ఇంకొన్నాళ్ళుంటే నన్ను పేరు పెట్టి పిలిచేవారేమో. ఏమైందో, పిల్లల గొంతులు వినపడ్డం మానేశాయి. నాన్న మళ్ళీ మూగబోయారు. మొన్న ఆదివారం పోయారు. ఆ పిల్లల్ని ఒక్కసారి చూసి వెళ్దామని వచ్చాను."

ఆవిడకి ఏడుపు ఆగలేదు. చేసిందంతా చెప్పేసింది.

"ఆఫీసు వాళ్ళు పంపిన మనిషి అనుకున్నానమ్మా. నా పిల్లల్ని లాక్కెళ్తారేమోనని భయంతో చచ్చాను. మాట రాని మనిషిని పట్టుకుని నానా మాటలూ అన్నాను."

పెద్దాయన కూతురికి కోప్పడే ఓపిక కూడా లేదు. వెనక గదిలోంచి చంటి గొంతు సన్నగా వినిపిస్తోంది.

"మీ పిల్లల జోలికి ఎవరూ రాలేరండీ," అందామె. "ఇంట్లో తల్లి చెప్పే చదువూ చదువేనని, అలాంటి పిల్లల్ని బలవంతంగా బడికి లాక్కెళ్ళకూడదని తీర్పిచ్చిన జడ్జి మా నాన్నే."