నక్క సగం చెవి

అడవి కాపలా దళంలో చేరదామని కుర్రనక్క బయల్దేరింది. దాని ఎడమ చెవి సగమే ఉంది.

"ఎవరైనా అడిగితే ముల్లు గీరుకుందని చెప్పు. ఉన్నమాట చెప్పావా, గెంటేస్తారు," అని దారిలో ముంగిస నూరిపోసింది.

దళంలోకి ఎంపిక చేసే ఎలుగుబంటి నక్కని ఎగాదిగా చూసి, "ఏం, నీదీ ముల్లేనా?" అంది.

నక్క తల వంచి ఆ చెవిని చూపించింది. "కాదండీ. నిరుడు ఊళ్ళో కోళ్ళగూట్లో దూరాను. రెండు కోళ్ళు తిన్నాను. మూడోదాని మీద పడబోతుంటే కుక్క పట్టుకుంది. మళ్ళీ ఆ జోలికి పోలేదు."

ఎలుగుబంటి వెనక్కి తిరిగింది. ఊరొదిలి దళంలో చేరిన ముసలికుక్క ఒళ్ళు విరుచుకుంటూ వచ్చి, ఆ చెవిని వాసన చూసింది.

"నేను కొరికిన చెవిని నేను మర్చిపోతానా! చేర్చుకోండి. ముల్లని చెప్పుంటే రెండోదీ కొరికి పంపేవాణ్ణి."