ఉపవాస ప్రార్థన

"మీ అమ్మకు షుగర్ మాటిమాటికీ పడిపోతోంది. మతిమరుపు దానివల్లే. పగలు తింటున్నదా?" అడిగాడు డాక్టరు.

డోర్కాస్‌కు ఒళ్లు మండింది. రోజూ ఎయిర్‌పోర్టు డ్యూటీకి బయల్దేరే ముందు తల్లికి అన్నం వండిపెట్టి, షుగర్ మాత్ర దగ్గరుండి మింగించేది తనే.

"గోలి ఏసుకుంటున్న సారూ. అన్నం పొద్దుగూకినంకనే. ఉపాసముంటున్న," అంది ఎస్తేరమ్మ.

"నాకు చెప్పకుండ గిట్లెందుకు చేసినవమ్మా?"

ఎస్తేరమ్మ, కూతురు రెండేళ్లుగా వేసుకుంటున్న యూనిఫాం మీద వంకరగా వేలాడుతున్న ఐడీ కార్డును మెల్లగా సరిచేసింది.

"నీకు ఎయిర్‌పోర్టుల నౌకరి దొరికేదాక పగలు ముద్ద ముట్టనని ప్రభువుకు మాటిచ్చిన బిడ్డా. ఇంకా దొరకకపాయె."